బావ పిడికిట్లో నా పరుగు

నా నోరు ఊరుకోదు. నాకున్న జబ్బు అదొక్కటే అనుకునేవాణ్ణి. అంతకంటే పెద్ద జబ్బు ఇంకోటి ఉందని నలభై తొమ్మిదో ఏట తెలిసింది.

పోర్టుకి దగ్గర్లో క్రేన్లు రిపేరు చేసే ఒక ప్రైవేటు షెడ్డులో ఫిట్టర్ని నేను. షెడ్డు పేరెందుకు లెండి. ఒకరోజు టీ టైమ్‌లో స్టోర్స్ చూసే ఆయన ఫోన్లో ఏదో ప్రకటన చూపించాడు. బీచ్ రోడ్డులో పది కిలోమీటర్ల పరుగు పెడుతున్నారట. ఆటగాళ్ళే కానక్కర్లేదు, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, ఇంట్లో ఉండే ఆడవాళ్ళు, రిటైరైనవాళ్ళు ఎవరైనా పేరు ఇచ్చుకోవచ్చట. నలభై ఐదు దాటినవాళ్ళకి వేరే విభాగం, అందులో మొదటి ముగ్గురికీ స్టేజీ మీద మెడల్స్. "మీకు పనికొస్తుంది గురూగారూ, కాకపోతే ఆ పొట్టని ఆటోలో ముందు పంపించేయాలి" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "గంటలోపు కొట్టి చూపించకపోతే నేను మా నాన్నకి పుట్టలేదనుకోండి" అనేశాను. మా నాన్న కోనసీమ నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి, జీవితంలో ఒక్క గొప్ప మాట చెప్పుకుని ఎరగడు. ఆయన పేరు నేనలా వాడుకున్నాను.

అక్కడితో ఆగానా? లేదు. షెడ్డు వాట్సాప్ గ్రూపులో పెట్టాను, ఇంట్లో చెప్పాను, మా ఆవిడ తరఫు చుట్టాలందరికీ చెప్పాను. మా అమ్మాయి నాకు పరుగు బూట్లు తెప్పించింది. పది రోజులు పెందుర్తి బీఆర్టీఎస్ రోడ్డు మీద పరిగెత్తాను. పదకొండో రోజు మోకాలు పట్టేసింది. పట్టేసిందన్నది ఇంట్లో చెప్పిన మాట, నిజానికి బద్ధకం పట్టేసింది. అయినా మానలేదని ఇంట్లో నమ్మించడానికి తెల్లారగట్ల లేచి బయటికి వెళ్ళి, మలుపు తిరిగాక టీ కొట్టు దగ్గర బల్ల మీద కూర్చుని, మొహం మీద నీళ్ళు చల్లుకుని ఇంటికొచ్చేవాణ్ణి. మా ఆవిడ రాగిజావ చేసిపెట్టేది. ఇంకో గ్లాసు అడిగి మరీ తాగేవాణ్ణి.

ఆ రోడ్డు మీద నిజంగా పరిగెత్తే మనిషి ఒకడున్నాడు. మా షెడ్డులోనే వెల్డరు. ఇద్దరం ఒకే ఏడాది చేరాం, ఒకరినొకరు "బావా" అని పిలుచుకుంటాం, వాళ్ళావిడ నన్ను "అన్నియ్యా" అంటుంది. సబ్బవరం వైపు పల్లెటూరి మనిషి. మూడేళ్ళుగా ఒక్కరోజు మానకుండా పరిగెత్తేవాడు. అంతకుముందు రెండు పోటీల్లో పాల్గొని ఒకసారి ఆరో స్థానం, ఒకసారి ఐదో స్థానం తెచ్చుకున్నాడు. చివరిదాకా పరిగెత్తిన వాళ్ళందరికీ ఇచ్చే మెడల్స్ రెండు వాళ్ళింట్లో మేకుకి వేలాడేవి. అవి వాడికి ఆనేవి కావు. "ఆ మూడు మెట్ల బల్ల ఉంటది సూడు బావా, దానిమీదికి ఒక్కపాలి ఎక్కాల. కింద మా ఇంటిది నిలబడి సూడాల. ఇంకేటీ అక్కర్నేదు నాకు" అనేవాడు. ఇదొక్కటే వాడి కోరిక. ఈ సంగతి నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి లేదు.

ఇక్కడ మా షెడ్డు అలవాటొకటి చెప్పాలి. వేలిముద్రల మిషను రాకముందు మా గేటు దగ్గర హాజరుకి కార్డు కొట్టే మిషను ఉండేది. ఎవరికైనా బస్సు తప్పిపోతే, పిల్లాడికి జ్వరమొస్తే, ముందొచ్చినవాడు తన కార్డు కొట్టి పక్కవాడి కార్డు కూడా కొట్టేసేవాడు. తప్పని ఎవరికీ తోచేది కాదు. తోటివాడికి చేసే సాయం కిందే లెక్క. మా బావా నేనూ ఎన్నిసార్లు ఒకరి కార్డు ఒకరం కొట్టుకున్నామో చెప్పలేను. మా అమ్మాయి పుట్టిన రోజున నేను ఆస్పత్రిలో ఉంటే షెడ్డులో నా కార్డు కొట్టింది వాడే.

పరుగుకి రెండు రోజుల ముందు నంబర్లు ఇచ్చారు. గుండె మీద పిన్నులతో పెట్టుకునే కాగితం, దాని వెనక అంటించిన సన్నటి పట్టీ. అదే చిప్. మొదలెట్టే గీత దగ్గర ఒకసారి, ఆఖరి గీత దగ్గర ఒకసారి కింద పరిచిన చాపలాంటిది ఆ చిప్‌ని చదువుకుని టైమ్ లెక్కేస్తుంది. ఆ మాట వినగానే నా బుర్రకి కార్డు మిషనే గుర్తొచ్చింది. ఆ రాత్రంతా ఆలోచించానని చెబితే బాగుంటుంది గానీ, ఆలోచించలేదు. అప్పటికప్పుడే పట్టీ పీకి చూశాను. శుభ్రంగా ఊడొచ్చింది.

మర్నాడు భోజనాల దగ్గర బావని పక్కకి పిలిచి చెప్పాను. మోకాలు బాగాలేదని, పరువు పోతుందని, ఇంట్లో మొహం ఎత్తుకోలేనని. వాడు క్యారేజీ మూత పెడుతూ విన్నాడు.

"దానికేటి బావా ఇంత ఇదైపోతన్నావు? కార్డు కొట్టినట్టే కదా. ఇటియ్యి" అన్నాడు.

"నువ్వు ఎప్పట్లా పరిగెత్తు. నీకు యాభై ఐదు నిమిషాలు పడుతుంది కదా, నాకూ అదే పడుతుంది. గంటలోపే" అన్నాను.

మా ఇద్దరికీ తట్టని విషయం ఒకటుంది. కార్డు మిషను దగ్గర రెండు కార్డులు ఒకే నిమిషంలో పడినా ఎవరు ముందు, ఎవరు వెనక అని అడిగేవాడు లేడు. ఇరవై ఏళ్ళు ఆ మిషనుతో బతికిన బుర్రలు మావి. ఇది పోటీ అని, ఒకడు ముందుంటే ఇంకొకడు వెనక్కి పోతాడని మాకు తట్టలేదు. వాడికి తట్టకపోవడం అమాయకత్వం. నేను తట్టనివ్వలేదేమో, నాకిప్పటికీ అనుమానమే.

ఆదివారం పొద్దున్న బీచ్ రోడ్డు జనంతో కిటకిటలాడింది. మా ఆవిడా, అమ్మాయీ, బావ వాళ్ళావిడా ఆఖరి గీత దగ్గర చోటు చూసుకుని నిలబడ్డారు. వాళ్ళావిడ గళ్ళచీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని పెళ్ళికొచ్చినట్టు వచ్చింది. బావ ఎర్ర బనీను, నైలాన్ నిక్కరు వేసుకున్నాడు. ఆ నిక్కరుకి జేబు లేదు. నా చిప్ ఎక్కడ పెట్టుకోవాలో తెలీక చేతిరుమాల్లో చుట్టి, చెమటకి తడవకుండా పిడికిట్లో పట్టుకున్నాడు. "పోకుండా తెత్తాలే బావా" అన్నాడు.

విజిల్ వేశారు. అందరితోపాటు నేనూ కదిలాను. చినవాల్తేరు వైపు సందు రాగానే బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగి, అటే జారుకున్నాను. సందులో ఇడ్లీ బండి ఉంది. గుండె మీద నంబరుతో, ఒక్క చెమట చుక్క లేకుండా అక్కడ నిలబడి రెండు ఇడ్లీలు తిన్నాను. బండాయన నన్ను పైనించి కిందిదాకా చూశాడు. "ఏటండీ, అప్పుడే అయిపోనాదా పరుగు? మాబాగా పరిగెత్తినారు!" అన్నాడు. ఇంకో చట్నీ వెయ్యమన్నాను, మాట మార్చడానికి.

జనం తిరిగొస్తున్న సందడి వినబడ్డాక తలమీద బాటిలు నీళ్ళు పోసుకుని, రొప్పుతూ, కుంటుతూ వెళ్ళి గీత దాటాను. మా అమ్మాయి వీడియో తీస్తూ "నాన్నా! నాన్నా!" అని అరుస్తోంది. ఆ అరుపు వినగానే నాకు మొదటిసారి నిజంగా సిగ్గేసింది. అయినా చెయ్యి ఊపాను.

బావ ఎప్పుడో వచ్చేసి ఫుట్‌పాత్ మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది. "నాకేటయిందో తెలవదు బావా, ఇయ్యాల కాళ్ళు ఆగనేదు. నలబై తొమ్మిది! యాభైలోపు! ఇద్దరో ముగ్గురో ఉన్నారు నా ముందట, అంతే" అన్నాడు. వాళ్ళావిడ ఉడకబెట్టిన గుడ్డు ఒలిచి వాడి నోటికందిస్తూ, "ఈపాలి బల్లెక్కుతాడంట అన్నియ్యా, పొద్దున్నించీ అదే పాట" అంది. నేనూ నవ్వాను. ఇంకా ఏమీ అర్థం కాలేదు నాకు.

కాసేపటికి మైకులో నలభై ఐదు దాటిన విభాగం అన్నారు. వాళ్ళావిడ ఫోను తీసుకుని జనాన్ని తోసుకుంటూ స్టేజీ ముందుకి వెళ్ళి నిలబడింది. "మూడో స్థానం" అని ఒక పేరు చదివారు.

నా పేరు.

ఎదురుగా పెద్ద తెర మీద కూడా పడింది. మూడు, నేను. నాలుగు, బావ. ఇద్దరికీ అవే నిమిషాలు, అవే సెకన్లు, ఆ పక్కన చుక్క తర్వాత అంకెలో ఎక్కడో తేడా. వాడు గీత దగ్గర చేతులు ముందుకి చాచి దూకాడట. పిడికిలి గుండె కంటే ముందు దాటింది. రుమాల్లో చుట్టి భద్రంగా తెచ్చిన నా చిప్ వాడి చిప్‌ని ఓడించింది.

బావ మొహం వైపు చూశాను. వాడికి నాకంటే ముందే అర్థమైంది. పెదవి తడుపుకుని, గుసగుసగా, "ఎల్లు బావా. ఇప్పుడు సెప్తే ఇద్దరికీ పీకేత్తారు. ఎల్లు" అన్నాడు.

వాడు చెప్పింది నిజమే. చెబితే ఇద్దరి పేర్లూ కొట్టేసేవాళ్ళు. ఆ నిజాన్ని పట్టుకునే నేను స్టేజీ ఎక్కాను. కానీ నా మనసులో ఏముందో నాకు తెలుసు. నేను ఆలోచించింది వాడి నాలుగో స్థానం గురించి కాదు. అంతమంది ముందు, మా అమ్మాయి ముందు, దొంగనని చెప్పుకోవాలంటే ప్రాణం పోయింది నాకు. అంతే.

స్టేజీ ముందు నిలబడ్డ వాళ్ళావిడ పేరు విని ఫోను కిందికి దించేసింది. ఒక్క క్షణం వెనక్కి తిరిగి మొగుడి కోసం వెతికింది. తర్వాత మళ్ళీ ఫోను ఎత్తి నా ఫోటో తీసింది. తీసి, ఫోను చంకలో పెట్టుకుని రెండు చేతులతో చప్పట్లు కొట్టింది.

రెండో మెట్టు మీదున్నాయన నేవీలో చేసి రిటైరైన మనిషి. చెయ్యి కలుపుతూ, "మిమ్మల్ని దారిలో చూడలేదే? నా వెనకే ఎవరో ఎర్ర బనీనాయన వచ్చాడు, మూడోది ఆయనదే అనుకున్నాను" అన్నాడు. నేను, "ఆయన పక్కనే ఉన్నానండి, మీరు గమనించలేదు" అన్నాను. అబద్ధం అంత నున్నగా వచ్చింది నోట్లోంచి. భూమి చీలి లోపలికి పోతే బాగుణ్ణనిపించింది, కానీ మెళ్ళో మెడల్ వేస్తుంటే తల వంచాను.

సోమవారం షెడ్డులో మేనేజరు దండ వేశాడు. స్టోర్స్ ఆయన వచ్చి, "క్షమించాలి గురూగారూ, మిమ్మల్ని తక్కువ అంచనా వేశాను" అని చేతులు పట్టుకున్నాడు. స్వీట్ల పెట్టె పట్టుకుని అందరికీ పంచిపెట్టింది మా బావే. నా దగ్గరికొచ్చి, "తీసుకో బావా" అన్నాడు. తీసుకున్నాను. తిన్నాను కూడా.

సాయంత్రం బస్సులో మెడల్ వాడి ఒళ్ళో పెట్టాను. వాడు దాన్ని తిప్పి చూసి, మళ్ళీ నా సంచీలో పడేశాడు.

"ఇది ఇంటికి అట్టుకెల్లి ఏటని సెప్పాల నాను?"

"నిర్వాహకులకి రాసేస్తాను బావా. జరిగింది జరిగినట్టు రాసేస్తాను."

"రాత్తే నాదీ పోద్ది కదా. నీ చిప్ మోసింది నానే కదా." కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "ఆ నాలుగో నంబరైనా ఉండనీ బావా నాకు."

నన్ను ఒక్క తిట్టు తిట్టినా తేలికపడేవాణ్ణి. వాడు తిట్టలేదు. మర్నాటి నుంచి మామూలుగానే "బావా" అన్నాడు, మామూలుగానే పక్కన కూర్చుని తిన్నాడు. పరుగు మాట మాత్రం ఎత్తలేదు.

మా ఇంట్లో మాత్రం ఆ మాట తప్ప ఇంకో మాట లేదు. బావ తర్వాత గీత దాటినవాణ్ణి వాడికంటే ముందెలా ఉన్నానని అడిగితే, గుంపులో ఆఖర్న బయల్దేరాను, చిప్ లెక్క అంతే అని అందరినీ నమ్మించాను. మా అమ్మాయి సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. వచ్చినవాళ్ళందరికీ మా ఆవిడ, "ఈ వయసులో! మోకాలి నొప్పితో!" అని చూపించేది. ఒకసారి ఆడపడుచు ముందు అలా చెబుతుంటే, "ఇంక చాలు, ఆపుతావా!" అని కసిరేశాను. పాపం, బిత్తరపోయింది. గొప్పలు చెప్పుకోవడం ఇష్టంలేని మనిషినని సర్దిచెప్పుకుంది చివరికి. నా గురించి!

నెల తిరిగాక బావ వాళ్ళావిడ ఫోన్ చేసింది.

"అన్నియ్యా, ఈయన పరుగు మానేసినాడు. లేపితే ముసుగు తన్ని పడుకుంటన్నాడు. నాను కూడా ఏదో ఎటకారానికి అన్నాను, అన్నియ్య నాల్రోజులు పరిగెత్తి బల్లెక్కీసినాడు, మూడేళ్ళు పరిగెత్తి నువ్వేటి సేసినావు, ముసిలోడివైపోనావు అని. అది మనసుకి అట్టేసుకున్నాడేటో. మీరొకపాలి వచ్చి సెప్పండన్నియ్యా. మీ మాటైతే ఇంటాడు."

ఎటకారానికన్న ఆ మాటకి బదులు చెప్పడానికి వాడి దగ్గర ఒక్క వాక్యం ఉంది. నెలరోజులు ఆ వాక్యం దిగమింగుకుని, పెళ్ళాం చేత ముసలాడనిపించుకుని ముసుగు తన్ని పడుకున్నాడు, నాకోసం.

ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. వాడు గుమ్మం పక్కన బనీనుతో కూర్చుని పేపరు చూస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వాళ్ళావిడ కుర్చీ వేసి, "సూడు, అన్నియ్య వచ్చినాడు. ఆయన్ని సూసి నేర్సుకో" అంది.

ఆ మాటతో నాలో ఏదో తెగిపోయింది. కూర్చోకుండానే చెప్పేశాను. చిప్ పీకడం, రుమాలు, సందు, ఇడ్లీలు, అన్నీ. మధ్యలో బావ "ఊరుకో బావా, ఎందుకిప్పుడు" అని రెండుసార్లు అడ్డం వచ్చాడు. ఆగలేదు. "మూడో స్థానం నీ మొగుడిదమ్మా. నేను కిలోమీటరు కూడా పరిగెత్తలేదు. నేనిచ్చిన చిప్ వల్లే పోయింది" అన్నాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

ఆమె అరవలేదు. చేతిలో ఉన్న మంచినీళ్ళ గ్లాసు నాకివ్వకుండానే కింద పెట్టింది. మొగుడి వైపు తిరిగి, "ముసిలోడివైపోనావని నెలరోజులు అన్నాను కదా. అప్పుడైనా సెప్పొచ్చు కదా నాకు" అంది. వాడు పేపరు మడతపెడుతూ, "సెప్తే నువ్వు బావని ఏటంటావో అని" అన్నాడు. ఆమె వెళ్ళి వాడి పక్కన గుమ్మంలో కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. ఇద్దరూ కాసేపు నన్ను చూడలేదు. నేనొక్కణ్ణే నిలబడి ఉన్నాను ఆ వాకిట్లో.

సంచీలోంచి మెడల్ తీసి అరుగు మీద పెట్టాను. ఆమె దాని వైపు చూసి, "అట్టుకెల్లిపోండి అన్నియ్యా. మా ఆయనకి గావాల్సింది ఆ బిళ్ళ కాదు" అంది. మళ్ళీ సంచీలో వేసుకున్నాను.

బయల్దేరుతుంటే వెనక నుంచి పిలిచింది.

"వదినకి సెప్పినారా అన్నియ్యా? పిల్లకి సెప్పినారా?"

ఆ గొంతులో కోపం కూడా లేదు. నిజంగానే అడిగింది. అంతా కక్కేసి తేలికపడ్డాననుకుంటున్న మనిషిని, ఆమె కళ్ళలోకి సూటిగా చూసి, "చెప్పానమ్మా. ముందు వాళ్ళకే చెప్పాను" అన్నాను.

బావ నా వంక చూశాడు. వాడికి తెలిసిపోయింది. తల వంచుకున్నాడు.

ఆ ఫ్రేము ఇప్పటికీ మా హాల్లోనే ఉంది.